నిచ్చెన మీంచి పడ్డ గుండె

పూలకొండ జిల్లాలో గుండెపోటు అంతరించిపోయిందన్న సంగతి డాక్టర్ ముకుందానికి కలెక్టరు గారి వీడియో సమీక్షలో తెలిసింది. జిల్లా పెద్దాసుపత్రిలో ఉన్న ఒకే ఒక్క గుండె డాక్టరు తనే కాబట్టి, ఇలాంటి కబురు ముందుగా తన చెవినే పడి ఉండాల్సిందని ఆయనకి కాస్త చిన్నతనంగా అనిపించింది.

అది కరోనా మొదటి వేసవి. ఆసుపత్రిలో వార్డులన్నీ ఒక్కొక్కటే కరోనా వార్డులైపోయాయి. కళ్ళ వార్డు పోయింది, చర్మం వార్డు పోయింది, ముకుందం గారి గుండె వార్డూ పోయింది. మిగిలినవి రెండే, కాన్పులదీ ఎముకలదీ. కాన్పులు ఎవరు ఆపినా ఆగవు కనుక అది మిగిలింది. ఎముకల వార్డు సంగతి వేరు. సూపరింటెండెంటు డాక్టర్ పరాంకుశం గారు స్వయానా ఎముకల డాక్టరు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. ఇక్కడ ఆ వార్డు మొదటి బంతిలోనే కూర్చుంది. అయితే పాపం, విస్తట్లో అన్నం లేదు. లాక్‌డౌన్లో రోడ్ల మీద బళ్ళు లేవు, బళ్ళు లేక గుద్దుకోవడాలు లేవు, గుద్దుకోవడాలు లేక ఎముకలు విరగడం లేదు. పరాంకుశం గారు రోజూ పొద్దున్నే ఖాళీ మంచాల మధ్య రౌండ్లు కొట్టి, దుప్పట్లు సరిగ్గా పరిచారో లేదో చూసి, నిట్టూర్చి వెళ్ళేవారు.

గుండె రోగుల విషయానికొస్తే, ఆసుపత్రికి ఎవరొచ్చినా ముందు ముక్కులో పుల్ల పెట్టి పరీక్ష చెయ్యాలనీ, ఫలితం వచ్చేదాకా ఆవరణలో వేసిన 'నిరీక్షణ పందిరి' కింద కూర్చోబెట్టాలనీ ఉత్తర్వు. ఫలితం రావడానికి రెండు మూడు రోజులు పట్టేది. గుండెపోటు అన్నాళ్ళు పందిట్లో కూర్చునే రకం కాదు. మొదటివారంలో అక్కడ కూర్చున్నవాళ్ళలో ఇద్దరు ఫలితం వినకుండానే వెళ్ళిపోయారు. ఒకాయన ఇంటికి, ఇంకొకాయన ఇంకా దూరం. ఆ కబురు ఊళ్ళల్లోకి పాకాక జనం ఆసుపత్రి గేటు చూస్తేనే ఓ దణ్ణం పెట్టి అవతలివైపు నడవడం మొదలుపెట్టారు. గుండెల్లో నొప్పొస్తే 'గ్యాస్' అనుకున్నారు. మనవాళ్ళకి గ్యాస్ అన్న మాట ఇచ్చినంత ధైర్యం ఏ మందూ ఇవ్వదు. వాము నమిలారు, గోలీసోడా తాగారు, పెళ్ళాం చేత వీపు మీద గుద్దించుకున్నారు. త్రేపు వచ్చినవాళ్ళు బతికారు. రానివాళ్ళ గురించి ఆసుపత్రికి ఎవరూ చెప్పలేదు, ఆసుపత్రీ అడగలేదు.

అందుకని సమీక్షలో కలెక్టరు గారు కళ్ళజోడు సవరించుకుని, "గుండె జబ్బుల దగ్గర ఈ నెల సున్నా కనబడుతోంది. కారణం?" అని అడిగారు.

పరాంకుశం గారు లేచి నిలబడ్డారు. తెర మీద ఆయన తల మాయమై బొత్తాలు మాత్రం కనిపించాయి. "సర్, జిల్లా వైద్య యంత్రాంగం యుద్ధ ప్రాతిపదికన చేపట్టిన బహుముఖ చర్యల ఫలితంగా గుండెపోటు సంపూర్ణంగా తగ్గుముఖం పట్టి, ప్రస్తుతం శూన్య స్థాయిలో స్థిరీకరించబడి ఉన్నదని సవినయంగా మనవి చేసుకుంటున్నాను."

"సర్, తగ్గలేదండీ, వాళ్ళు రావడం లేదు," అన్నాడు ముకుందం.

"జబ్బుంటే రారా?" అన్నారు కలెక్టరు గారు. "ఆకలేసినవాడు అన్నానికి రాకుండా ఉంటాడా డాక్టర్? మీరు కొంచెం సానుకూల దృక్పథం అలవరచుకోవాలి."

సున్నా సంగతి బయటపడగానే దాని తండ్రులమంటూ అన్ని శాఖలూ బయల్దేరాయి. మా బ్లీచింగ్ పౌడరు వల్లనే అంది పారిశుధ్య శాఖ. మా కషాయం అంది ఆయుర్వేద శాఖ. లాఠీలతో జనాన్ని ఇళ్ళల్లోకి పరిగెత్తించాం, ఆ వ్యాయామం వల్లనే గుండెలు గట్టిపడ్డాయంది పోలీసు శాఖ. తగువు తీర్చడానికి ఒక అధ్యయన సంఘం వేశారు. పరాంకుశం గారే అధ్యక్షుడు. సంఘం తేల్చినది ఇది: గడచిన పదేళ్ళలో జిల్లాలో గుండెపోటు నిర్ధారణ అయిన ప్రతి ఒక్కరూ ఆసుపత్రికి వచ్చినవారే. ఆసుపత్రికి రానివారిలో ఒక్కరికైనా నిర్ధారణ అయిన దాఖలా లేదు. పైగా ఆసుపత్రికి ఈసీజీ యంత్రం రాకముందు, అంటే పెద్దల కాలంలో, ఈ జిల్లాలో గుండెపోటు అన్న మాటే వినబడేది కాదు. కావున గుండెపోటుకు మూలం ఆసుపత్రి, గుండె విభాగం, సదరు యంత్రం.

ముకుందం ఆ నివేదికని రెండుసార్లు చదివాడు. తర్కంలో ఎక్కడా దోషం దొరకలేదు. అదే ఆయన్ని ఎక్కువ భయపెట్టింది.

రాజధాని నుంచి కబురొచ్చింది. పూలకొండని 'హృద్రోగ రహిత జిల్లా'గా ప్రకటిస్తారు. పై నెలలో పరిశీలక బృందం వస్తుంది, సభ జరుగుతుంది, శాలువా కప్పుతారు. ఆలోగా సున్నా చెడకూడదు.

సున్నాని కాపాడటం మాటలు కాదు. పరాంకుశం గారు సర్క్యులర్ మీద సర్క్యులర్ వదిలారు. ఆసుపత్రి ఆవరణలో ఎవరూ 'గుండెనొప్పి' అనరాదు. 'ఛాతీ ప్రాంతీయ వాయు అసౌకర్యం' అనవలెను. అట్టి అసౌకర్యం కలవారిని గేటు పక్కన కొత్తగా తెరిచిన గ్యాస్ కౌంటరుకు పంపవలెను. అక్కడ సోడా ఉచితం. ఈసీజీ యంత్రాన్ని సూపరింటెండెంటు గది ముందు అద్దాల బీరువాలో పెట్టి, బంతిపూల దండ వేసి, 'గతకాలపు వైద్య పరికరం' అని బోర్డు తగిలించవలెను. గుండె విభాగం మిగులు సిబ్బంది అయినందున డాక్టర్ ముకుందం గేటు దగ్గర జ్వరం తుపాకీ డ్యూటీ చేయవలెను.

అలా పద్దెనిమిదేళ్ళు గుండెలు చూసిన ముకుందం, గేటు దగ్గర గొడుగు కింద నిలబడి నుదుళ్ళు చూడటం మొదలుపెట్టాడు. వచ్చేపోయేవాళ్ళ నుదుటికి తుపాకీ గురిపెట్టినా ఆయన కళ్ళు మాత్రం వాళ్ళ చేతుల మీదే ఉండేవి. ఎవరైనా చెయ్యి ఛాతీ మీద పెట్టుకుంటే ఆయన గుండె గుబేలుమనేది. వాళ్ళు గ్యాస్ కౌంటరుకెళ్ళి సోడా తాగి ఆటో ఎక్కిపోతుంటే చూస్తూ నిలబడేవాడు. విశాఖపట్నం తీసుకుపొమ్మని చెప్పినా లాభం లేదు. జిల్లా దాటడానికి పాసు కావాలి, పాసుకి కరోనా లేదన్న కాగితం కావాలి, కాగితానికి మళ్ళీ పందిరి.

ఆయన బెంగంతా ఒక్క మనిషి మీద ఉండేది. బస్టాండు పక్కన ఫ్లెక్సీల దుకాణం గవరయ్య. ఎవరి పుట్టినరోజైనా, ఎవరి సంతాపమైనా, ఆ ఊళ్ళో ఫ్లెక్సీ గవరయ్యే వెయ్యాలి, గవరయ్యే కట్టాలి. కిందటి చలికాలంలో ఆయాసమని వస్తే ముకుందం పరీక్ష చేసి, గుండె నాళం సన్నబడిందని చెప్పి మందులు రాశాడు. నిచ్చెన మాత్రం ఎక్కొద్దన్నాడు. లాక్‌డౌన్ వచ్చాక మనిషి కనబడలేదు. కనబడ్డ రోజున భుజం మీద నిచ్చెనతోనే కనబడ్డాడు. వెనకాల భార్య పైడితల్లి ఫ్లెక్సీ చుట్ట మోసుకొస్తోంది.

"మందులు వేసుకుంటున్నావా గవరయ్యా?"

"ఆసుపత్రికొస్తే గదా బాబూ మందులు. ఒస్తే ఆ పందిట్ల కూకోబెట్టీస్తారట."

"నిచ్చెన ఎక్కొద్దన్నానా లేదా?"

"నాను ఎక్కకపోతే పనెవుడు సేస్తాడు? పెద్ద డాట్రు బాబు నన్నే కట్టమన్నారు. అయినా గుండిజబ్బు జిల్లాల నేదట గద. ఇదిగో, నానే అచ్చేసినాను," అని ఫ్లెక్సీ చూపించాడు. పరాంకుశం గారు ఎర్రటి హృదయాకారంలోంచి రెండు చేతులూ జోడించి నవ్వుతున్నారు.

అచ్చులో ఉన్నదానితో ఎవరు వాదించగలరు? ముకుందం తుపాకీ దించి పక్కకి తప్పుకున్నాడు. మనసు మాత్రం కీడు శంకిస్తూనే ఉంది.

ఆయన శంకించినంతా జరిగింది. గేటు మీద రెండో తాడు ముడివేస్తుండగా గవరయ్య ఆగిపోయాడు. మెట్టు తరవాత మెట్టు మెల్లిగా దిగి, నిచ్చెనకి ఆనుకుని కూర్చున్నాడు. ఒళ్ళంతా చెమట. ఎడమచెయ్యి రెండో చేత్తో పట్టుకున్నాడు. పైడితల్లి కేకకి ముకుందం పరిగెత్తుకొచ్చాడు. నాడి పట్టుకోగానే ఆయనకి అర్థమైపోయింది. గ్యాస్ కౌంటరు కుర్రది అప్పటికే సోడా సీసా పట్టుకుని వచ్చేసింది.

అప్పుడే ముకుందానికి ఒక సర్క్యులర్ గుర్తొచ్చింది. పరాంకుశం గారు తన వార్డు కోసం తనే రాసుకున్నది: 'విరిగిన ఎముక వేచి ఉండజాలదు. కావున ఎముకల కేసులకు పందిరి నుండి మినహాయింపు ఇవ్వడమైనది.'

ముకుందం గవరయ్య చెవి దగ్గర వంగాడు. "గవరయ్యా, నువ్వు నిచ్చెన మీంచి పడ్డావు."

"నేదు బాబూ," అన్నాడు గవరయ్య అంత నొప్పిలోనూ. "దిగినాను."

"పడ్డావు. కాలు విరిగింది."

"కాలు బాగుంది బాబూ. ఇదిగో, ఆడతంది."

వృత్తి మర్యాద అంటే అదీ. ముప్ఫై ఏళ్ళు నిచ్చెన ఎక్కినవాడు పడ్డానని ఒప్పుకోడు. కానీ పైడితల్లి ముకుందం మొహం చూసింది, సోడా సీసా చూసింది, మొగుణ్ణి చూసింది.

"పడ్డాడు బాబూ," అంది. "నాను సూసినాను. ఓలమ్మా, నా మావ కాలు ఇరిగిపోనాదర్రా!" అని వీధి చివరికి వినబడేలా ఒక్క కేక పెట్టింది. మిగతా ఏడుపు నిజంగానే ఏడ్చింది.

ఎముకల వార్డు హెడ్ నర్సు సిస్టర్ ఎస్తేరు స్ట్రెచర్ మీది మనిషిని చూసి, "కాలు బాగానే ఉందిగా సార్," అంది.

"గుండె బాగాలేదు సిస్టర్."

ఎస్తేరు ఒక్క క్షణం ఆలోచించింది. "అయితే కట్టేద్దాం," అంది.

కుడికాలికి వదులుగా పిండికట్టు పడింది. గుండె నాళంలో రక్తపు గడ్డను కరిగించే ఇంజక్షన్లు ఎస్తేరు గుండె వార్డు ఖాళీ చేసిన రోజునే తెచ్చి, ఫ్రిజ్‌లో మజ్జిగ ప్యాకెట్ల వెనక పడేసింది. ఇక ఈసీజీ యంత్రం. ప్రదర్శన వస్తువులకి రోజూ దుమ్ము దులపాలని సర్క్యులర్‌లోనే ఉందంటూ ఎస్తేరు బీరువా తాళం తెప్పించి, దండతో సహా యంత్రాన్ని తోసుకొచ్చింది. ముకుందం మందెక్కించి మంచం పక్కనే కూర్చున్నాడు. సాయంత్రానికి గవరయ్య మొహంలో రక్తం తిరిగింది. కళ్ళు తెరిచి మొదట కాలిని చూసుకున్నాడు.

"నిజంగానే పడ్డానా?" అన్నాడు భార్యతో.

"పడ్డావు. మూసుకుని తొంగో," అంది పైడితల్లి.

ముకుందానికి ఆ పూట ఎంత సంతోషం కలిగిందంటే, డ్యూటీ దిగి ఇంటికి వెళుతూ, దారిలో ఎదురైన ట్రాఫిక్ కానిస్టేబుల్ నుదుటికి కూడా తుపాకీ గురిపెట్టి, "బాగున్నావయ్యా," అన్నాడు.

పైడితల్లి రహస్యం దాచుకునే మనిషే. చేపల బజారులో ఇద్దరికి మాత్రమే చెప్పింది. వారం తిరిగేసరికి జనం ఛాతీ పట్టుకుని కుంటుకుంటూ రావడం మొదలుపెట్టారు. గేటు దగ్గర, "ఏమైంది?" అంటే, "కాలిరిగింది బాబూ," అనేవారు. ఏ కాలని అడిగితే ఒకళ్ళనొకళ్ళు చూసుకునేవారు. ఒక ముసలమ్మ తనకి ఇదివరకోసారి నొప్పి వచ్చింది కనుక ఎందుకైనా మంచిదని రెండు కాళ్ళూ విరిగాయంది. రిటైరైన తెలుగు మేష్టారొకరు ప్రాణం పోయినా అసత్యమాడనని మొండికేశారు. ఆయన తరఫున ఆయన భార్య ఆడింది.

మంచాలు నిండాయి. ఒక రోజు కొబ్బరిచెట్టు మీంచి నిజంగానే పడి కాలు విరగ్గొట్టుకున్న మనిషిని నలుగురు మోసుకొచ్చారు. ఎస్తేరు అలవాటు కొద్దీ, "నొప్పి ఎడమచేతిలోకి లాగుతోందా?" అంది.

"లేదమ్మా. కాలు."

"కాలు సరేనయ్యా. నొప్పి ఎక్కడ?"

పాపం, ఎముక కనబడేలా చూపిస్తేగాని ఆమె నమ్మలేదు. వెంటనే నొచ్చుకుని, తన సొంత కుర్చీ తీయించి అక్కడ మంచం వేయించింది.

పరాంకుశం గారి మొహం వెలిగిపోయింది. పొద్దుట రౌండ్లకి ఇప్పుడు ఇస్త్రీ కోటు వేసుకొస్తున్నారు. గుండెపోట్లు సున్నా, ఎముకలు జిల్లా చరిత్రలోనే అత్యధికం. ఆయన ఒక్కో కట్టునీ వేలితో కొట్టి చూసి, "దివ్యం," అని ముందుకి సాగేవారు. ప్రతి రోగి ఛాతీ మీదా తీగలెందుకున్నాయో ఆయన అడగలేదు. అడక్కపోవడం చూసి, ఆయనకి ఎముకలు తప్ప ఇంకేం కనబడవు కాబోలని ముకుందం అనుకున్నాడు.

కలెక్టరు గారికి మాత్రం అనుమానం వచ్చింది. "జనమంతా ఇళ్ళల్లో కూర్చుంటే కాళ్ళెలా విరుగుతున్నాయి?"

"సర్, లోతైన విశ్లేషణ జరిపించడమైనది," అన్నారు పరాంకుశం గారు. "నూటికి తొంభై కేసుల్లో కారణం నిచ్చెన."

ఆ సాయంత్రమే నిచ్చెనల నియంత్రణ ఉత్తర్వు వచ్చింది. పోలీసులు ఇంటింటికీ తిరిగి నిచ్చెనలు పట్టుకున్నారు. స్టేషను ఆవరణలో నిచ్చెనలు కొండలా పేరుకుపోయాయి. అటకల మీది పచ్చడి జాడీలు అటకల మీదే ఉండిపోయాయి. వీధిదీపాలు మాడితే మార్చేవాడు లేడు. ఊరూరా ఎముకల బలానికి రాగిజావ పంచారు. అయినా కాళ్ళు విరగడం ఆగలేదు. నిచ్చెన లేకుండా ఎలా పడ్డావని అడిగితే ఒకడు, నిచ్చెన ఉందనుకుని ఎక్కానన్నాడు. అదీ రాసుకున్నారు.

ఇంతదాకా ముకుందానికి ఆట ఆటగానే ఉంది. పరిశీలక బృందం వచ్చే వారంలో అది కాస్తా ప్రాణం మీదికి వచ్చింది.

పరాంకుశం గారు ఆయన్ని గదికి పిలిపించారు. "బృందానికి మన ఎముకల విభాగం సామర్థ్యం కూడా ప్రత్యక్షంగా ప్రదర్శించాలని సంకల్పించాను. వారి సమక్షంలో ఒక ఆపరేషన్. తొడ ఎముకలో రాడ్డు. రోగిని ఎంపిక చేశాను. ఆ ఫ్లెక్సీల గవరయ్య. మన ప్రచార సేవలో గాయపడ్డవాడు కనుక ఔచిత్యంగా ఉంటుంది."

ముకుందం బల్ల మీదికి వంగాడు. "సర్, కట్టుతో నయమవుతోంది కదండీ."

"రాడ్డుతో ఇంకా బాగా అవుతుంది."

"మత్తుకి తట్టుకోలేడు సర్."

"ఎంచేత?" పరాంకుశం గారు కుర్చీలో వెనక్కి వాలారు. "గుండె జబ్బా?"

ముకుందం కిటికీలోంచి గేటు పక్క గ్యాస్ కౌంటరు వైపు చూశాడు.

"ఈ జిల్లాలో గుండె జబ్బు లేదు కదా డాక్టర్," అన్నారు పరాంకుశం గారు చాలా మెల్లిగా, కాగితాలు సర్దుకుంటూ.

మూడువారాల కిందట చావు అంచు దాకా వెళ్ళొచ్చిన గుండె అది. ఆపరేషన్ బల్ల ఎక్కిస్తే దిగదు. నిజం చెప్పేస్తే గవరయ్య బతుకుతాడు. కానీ వార్డులో ఉన్న మిగతావాళ్ళంతా ఆ సాయంత్రమే గ్యాస్ కౌంటరుకి పోతారు. ఇవాళ రాత్రికో రేపటికో నొప్పి రాబోయేవాళ్ళకి ఇక గుమ్మమే ఉండదు. తన ఉద్యోగం సంగతి సరేసరి. ముకుందం అన్నం సరిగ్గా తినలేదు. భార్య ఏమైందని అడిగితే గ్యాస్ అన్నాడు. అన్నాక తన మీద తనకే అసహ్యం వేసింది.

గవరయ్యకి విషయం తెలిసింది. "కోస్తారట గద బాబూ నన్ను," అన్నాడు. నవ్వబోయాడు గాని కుదరలేదు. పైడితల్లి మంచం పట్టె మీదికి జరిగింది. మొగుడి కట్టు మీద చెయ్యి వేసి కూర్చుంది. ముకుందం ఆ చెయ్యి చూశాడు. ఇక తేల్చుకున్నాడు. మిగతావాళ్ళని ఎలాగోలా చూసుకోవచ్చు, ముందు కళ్ళెదుట ఉన్న మనిషి పోకూడదు.

సభ రేపనగా మధ్యాహ్నం, చెప్పవలసినదంతా మనసులో వరసగా పేర్చుకుని సూపరింటెండెంటు గదికి వెళ్ళాడు. బయట సభ పందిరికి మామిడాకులు కడుతున్నారు, మైకు పరీక్షిస్తున్నారు. గది తలుపు దగ్గరగా వేసి ఉంది. తోసుకుని లోపలికి వెళ్ళి, "సర్, మీతో ఒక నిజం చెప్పాలి," అన్నాడు.

పరాంకుశం గారు చెయ్యి ఊపి ఆగమన్నారు. చొక్కా పైబొత్తాలు విప్పుకుని కూర్చున్నారు. ఏసీ గదిలో మొహం మీంచి చెమట ధారలు కడుతోంది. బల్ల మీద ఖాళీ సోడా సీసాలున్నాయి.

"గ్యాస్," అన్నారు.

"నొప్పి ఎక్కడండీ?"

"గ్యాసే. పొద్దున్న పెసరట్టు తిన్నాను." ఎడమచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, అది ఎవరిదో అన్నట్టు చూసుకుంటున్నారు. "కాస్త దవడలోకి కూడా ఎక్కింది గ్యాసు."

ముకుందానికి ఒక్కసారిగా కోపం ముంచుకొచ్చింది. పందిట్లో కూర్చుని ఫలితం వినకుండా పోయినాయన గుర్తొచ్చాడు. సోడా తాగి ఆటో ఎక్కి, మళ్ళీ నుదురు చూపించడానికి రానివాళ్ళందరూ గుర్తొచ్చారు. గేటు పక్కన కౌంటరుంది, ఉచితమే, వెళ్ళండి అని చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పి ఉంటే తప్పు పట్టేవాళ్ళు కూడా ఎవరూ లేరు. కానీ పద్దెనిమిదేళ్ళ అలవాటు చెడ్డది. ఆయన చెయ్యి అప్పటికే పరాంకుశం గారి మణికట్టు మీద ఉంది.

"సర్, నోటితో చెప్పండి," అన్నాడు. "ఏమైంది మీకు?"

బయట మైకులో ఎవరో 'హృద్రోగ రహిత, హృద్రోగ రహిత' అని గొంతు సరిచూసుకుంటున్నారు. పరాంకుశం గారు కిటికీ వైపు చూశారు, ముకుందం వైపు చూశారు. తరవాత కష్టం మీద వంగి ప్యాంటు అంచు కొంచెం పైకి లాక్కున్నారు.

"కాలు విరిగింది," అన్నారు.

స్ట్రెచరు కారిడార్‌లో పరిగెత్తింది. వార్డులో ఒకే ఒక్క మంచం ఖాళీ ఉంది, అది గవరయ్య పక్కది. ఎస్తేరు చొక్కా విప్పించి తీగలు తగిలించింది. యంత్రం చెప్పవలసింది చెప్పింది. వార్డులో కట్లు కట్టుకున్నవాళ్ళంతా మంచాల మీద లేచి కూర్చుని చూస్తున్నారు. ముకుందం ఒక మాత్ర నమిలించి, ఇంజక్షన్ సిద్ధం చేసుకుంటున్నాడు.

గవరయ్య తన మంచం మీంచి ఒత్తిగిలి అడిగాడు. "బాబూ, మరి రేపు నా ఆపరేసనో?"

"నీ కాలికేం కాలేదు," అన్నారు పరాంకుశం గారు కళ్ళు మూసుకునే. "ఎక్స్‌రే మొదటి రోజే చూశాను."

ముకుందం చెయ్యి సిరంజి మీద ఆగిపోయింది. పైడితల్లి కుర్చీలోంచి లేచి నిలబడింది. ముకుందం ఆ మూసుకున్న కళ్ళ వైపు కాసేపు చూసి, తరవాత నరం వెతికి మందెక్కించాడు.

ఎస్తేరు పిండికట్టు బేసిన్ పట్టుకుని మంచం చివర నిలబడింది. "ఏ కాలికి వెయ్యమంటారు సార్?"

పరాంకుశం గారికి తోచలేదు. ముప్ఫై ఏళ్ళు ఎముకలు చూసిన మనిషి, రెండు కాళ్ళనీ మార్చి మార్చి చూసుకున్నారు.

గవరయ్య తన కట్టు వైపు ఒకసారి చూసుకున్నాడు. తరవాత గొంతు సవరించుకున్నాడు. "ఎడంకాలికి ఏయించుకోండి బాబూ," అన్నాడు. "కుడికాలికయితే దొడ్డికెళ్ళడానికి శానా ఇబ్బంది."